ఆరో గడి

పర్లాకిమిడిలో కొమ్ము చెక్కేవాళ్ల వీధి చివర నా కొట్టు.
జెరాక్స్, ఫొటోలు, ఆధార్‌లో పేర్ల దిద్దుబాట్లు.
ఎవరికైనా గొంతు తయారుచెయ్యాలని
నేనెప్పుడూ బోర్డు పెట్టలేదు.

ఎదురింటి లోకనాథానికి ఎనిమిదేళ్లు.
మెడ ఒక వైపు, చూపు ఇంకో వైపు,
కుడి మణికట్టు మాత్రం చెప్పిన మాట వింటుంది,
అదీ మధ్యాహ్నం దాకా.
"తల్లిని, ఆడికేటి కావాలో నాకు తెల్దేటి?"
వాడి మూతి తుడుస్తూ జయంతి.
తెలుసు. చాలావరకు తెలుసు.

పాత లాప్‌టాప్, బ్యాటరీ ఉబ్బిపోయింది,
ప్లగ్గు కదిలితే ఆరిపోతుంది.
తెర మీద ఆరు గడులు గీశాను.
నీళ్లు. అన్నం. నొప్పి. ఒంటేలు. నిద్ర.
ఆరోదాన్లో ఏం పెట్టాలో తోచక తెల్లగా వదిలేశాను.
పచ్చ వెలుగు ఒక్కో గడి మీద ఒక్క క్షణం నిలబడి
చివరికి పోయి మళ్లీ మొదటికొస్తుంది.
వాడు నొక్కినప్పుడు ఎక్కడుంటే అది పలకాలి.
అంతే. నలభై మూడు వరసల ప్రోగ్రాం.

అందులో ముందే ఉన్న గొంతు
హిందీలో రైలు ఆలస్యం చెప్పే ఆవిడది.
ఆవిడ నొప్పి అంటే ఎవరూ లేచి రారు.
పక్కింటి కూర్మారావుని, తొమ్మిదేళ్లవాణ్ణి,
పుల్లైసు ఆశ చూపించి కూర్చోబెట్టాను.
ఇంట్లోకి తెలుగు, బడికి ఒడియా.
నీళ్లు, పాణి. అన్నం, భాతొ.
"నిద్ర" దగ్గర నిజంగానే ఆవలించాడు.
తీసెయ్యబుద్ధి కాలేదు.

మౌసు పొట్ట చీల్చి ఒక్క మీట బయటికి లాగాను.
మీద ప్లాస్టిక్ బిళ్ల పెడితే వాడి చెయ్యి జారిపోయింది.
ఈ గోలంతా దండగని మొహం తిప్పుకు తిరిగే పోలయ్య,
కొంగలూ రొయ్యలూ చెక్కి అమ్మే ఆ తండ్రి,
ఓ రాత్రి కొమ్ముముక్క తెచ్చాడు,
నడుమ చిన్న పల్లం, వెన్నంత నునుపు.
"ఆడు నిద్దరోతుంటే కొలిసేను" అని
గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయాడు.

మొదటిరోజు వీధి సగం గదిలోనే ఉంది.
వెలుగు నీళ్లు దాటింది, అన్నం దాటింది,
నొప్పినీ ఒంటేలునీ నిద్రనీ దాటింది.
తెల్ల గడి. టక్.
ఏమీ పలకలేదు.
మళ్లీ ఓ చుట్టు. మళ్లీ తెల్లదే.

చెయ్యి ఆలస్యమనుకున్నాను.
ఒక క్షణాన్ని రెండు చేశాను, మర్నాడు మూడు.
తెల్లదాన్ని మధ్యలోకి తోస్తే
వాడు మధ్యలోకీ వచ్చాడు.
నాలుగు రాత్రులు తప్పు వెతికాను
వరస వరసా వేలు పెట్టి.
ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

ఆరోరోజు జయంతి బెండకాయ కూర కలిపి ముద్ద ఎత్తింది.
టక్. తెల్లది.
ముద్ద గాల్లోనే ఆగిపోయింది.
"మనం అడిగినియ్యే ఉన్నాయి గదే ఇందల,
ఆడడిగేది ఏదీ?"

ఆ రాత్రి కూర్మారావు రెండో పుల్లైసు చప్పరించి
గట్టిగా చెప్పాడు: "అది కాదు."
ఒడియాలో ఇంకా గట్టిగా: "సెయిటా నుహేఁ."

ఇప్పుడా మాట వీధి మొదటిదాకా వినబడుతుంది.
ఆకుపచ్చ చొక్కా తొడగబోతే, అది కాదు.
కిటికీ మూస్తే, అది కాదు.
దిష్టిచుక్కకి కూడా, అది కాదు.
ఎనిమిదేళ్ల బెండకాయ ఆ ఇంట్లో ఒక్కపూటలో ఆగిపోయింది.
"మాటొచ్చిందో లేదో, మొండికేసేడు"
పోలయ్య ఫిర్యాదు నాకే, నవ్వు దాచుకోవడం రాక.

నిన్న ఏడో గడి గీశాను, ఖాళీగా.
సాయంత్రం దాని మీదే ఆగాడు.
దువ్వెనా? అది కాదు.
నాన్నా? అది కాదు.
వానా, రేడియోనా, మహేంద్రతనయ గట్టుకి తీసుకెళ్లాలా?
అది కాదు, అది కాదు, అది కాదు.
ఇంతలో కరెంటు పోయింది, తెర నల్లబడింది.
చీకట్లో కొమ్ముబిళ్ల
టక్, టక్.
జయంతి ఇంకా పేర్లు చెబుతూనే ఉంది.